కొత్త రాజ్యం కట్టే ముందు: స్కైరిమ్ లాంటి గేమ్‌కి భారీ మాడ్ ప్లాన్ చేయడం ఎలా?

మాడ్ అంటే ఉన్న గేమ్‌కి అభిమానులు సొంతంగా చేర్చే భాగం. నా మొదటి పెద్ద మాడ్ కోసం గీసిన మ్యాప్‌లో పద్నాలుగు ఊళ్ళు ఉండేవి. గేమ్‌లో మాత్రం ఒక్క ఊరే లేచింది. అందులో ఒక సత్రం, ఒక కమ్మరి కొట్టు, పైకప్పు లేని ఓ గుడి. ఆరుగురం తొమ్మిది నెలలు కష్టపడితే మిగిలింది అదే. ఎవరూ గొడవపడలేదు. ఒకతనికి పరీక్షలు వచ్చాయి, ఒకామెకి ఉద్యోగం వచ్చింది, ఇంకొకతను "వచ్చే వారం నుంచి ఖాళీ" అంటూనే మాయమయ్యాడు. ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనమే వెక్కిరించుకుంటాం గానీ, ఆ టీమ్‌లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా అయిదుగురూ మనకేమీ తీసిపోలేదు.

అప్పటి నుంచి ఏ ప్లాన్ వేసినా ముందు ఒకటే అడుగుతాను: రేపటి నుంచి టీమ్‌లో సగం మంది రాకపోతే, ఇవాళ్టిదాకా చేసింది ఎవరైనా ఆడుకోవడానికి పనికొస్తుందా? జీతం లేని పనిలో మనుషులు వెళ్ళిపోవడం మామూలు సంగతి. వాన పడుతుందని తెలిసినప్పుడు చూరు వేసుకుంటాం కదా, ఇదీ అంతే. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. ఉదాహరణలు ఎల్డర్ స్క్రోల్స్ అనే ఫాంటసీ గేమ్‌ల వరుస (మారోవిండ్, ఆబ్లివియన్, స్కైరిమ్) నుంచి తీసుకున్నాను. 2002లో వచ్చిన మారోవిండ్ మీద అభిమానులు ఇప్పటికీ కొత్త నేల వేస్తున్నారు. ఇంత సుదీర్ఘ అనుభవం ఇంకెక్కడా దొరకడం కష్టం.

మొదటి అడుగు: ఏ గేమ్ మీద కడుతున్నారు?

మారోవిండ్, స్కైరిమ్ ఒకే కుటుంబానికి చెందినవి. మాడ్ చేసేవాళ్ళకి మాత్రం రెండింటి ఖర్చూ వేరు. మారోవిండ్‌లో సంభాషణలు దాదాపు అన్నీ రాతలోనే ఉంటాయి. పలకరింపులకి, కొట్లాటలో అరుపులకి తప్ప గొంతు అక్కర్లేదు. ఆదివారం పొద్దున తట్టిన క్వెస్ట్‌ని (ఆటగాడికి అప్పగించే పని, దాని కథ) ఒక్కరే కూర్చుని రాసి, వచ్చే ఆదివారానికి ఆడి చూసుకోవచ్చు. స్కైరిమ్‌లో ప్రతి వాక్యానికీ ఆడియో ఫైల్ కావాలి. అది లేకపోతే సబ్‌టైటిల్ ఇలా వచ్చి అలా పోతుంది, చదివే వ్యవధి ఉండదు. అదే క్వెస్ట్‌కి ఇక్కడ రాసేవాళ్ళు, గొంతిచ్చేవాళ్ళు, ఆడియో శుభ్రం చేసేవాళ్ళు, పెదవుల కదలిక ఫైళ్ళు తయారుచేసేవాళ్ళు కావాలి.

మారోవిండ్ అసలు గేమ్‌లో ఉన్నది వార్డెన్‌ఫెల్ అనే ద్వీపమే. దాని చుట్టూ ఉన్న ప్రధాన భూభాగాన్ని పూరించడానికి టామ్రియల్ రీబిల్ట్ అనే బృందం 2001లోనే, అంటే గేమ్ ఇంకా విడుదల కాకముందే మొదలైంది. ఇప్పటికీ ముక్కలు ముక్కలుగా విడుదల చేస్తూనే ఉంది. మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు, పని మాత్రం ఆగలేదు. దీనికి కారణం వాళ్ళ పట్టుదల ఒక్కటే అనుకుంటే పొరపాటు. గొంతు అక్కర్లేని గేమ్‌ని ఎంచుకోవడం సగం కారణం.

రెండో నిర్ణయం, ఎలాంటి నేల అన్నది. ఉన్న ప్రపంచంలో గేమ్ చూపించని మూలని పూరించడం ఒకటి. పూర్తిగా సొంత ప్రపంచాన్ని సృష్టించడం ఇంకొకటి. జర్మనీకి చెందిన ష్యూర్‌ఏఐ బృందం ఆబ్లివియన్ మీద నెహ్రిమ్‌ని 2010లో, స్కైరిమ్ మీద ఎండెరల్‌ని 2016లో అలాగే తెచ్చింది. పాత గేమ్‌ని కొత్త ఇంజిన్‌లో తిరిగి కట్టడం మూడోది. స్కైరిమ్‌లో మారోవిండ్‌ని కట్టే స్కైవిండ్, ఆబ్లివియన్‌ని కట్టే స్కైబ్లివియన్ ఆ దారిలో నడుస్తున్నాయి. పాత గేమ్ ఫైళ్ళని కొత్త గేమ్‌లోకి ఎత్తుకురావడానికి కంపెనీ అనుమతి లేదు కాబట్టి, వాళ్ళు చెంబు దగ్గర్నుంచి కోట దాకా ప్రతిదీ కొత్తగా చెయ్యాలి. పదేళ్ళు దాటడంలో వింతేముంది?

మొదటిసారి చేసేవాళ్ళయితే మొదటి రకానికే వెళ్ళండి, అది కూడా చిన్న మూల. 2013లో వచ్చిన ఫాల్‌స్కార్ అనే కొత్త నేలని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు దాదాపు ఒక్కడే నడిపించి పూర్తిచేశాడు. చిన్నదైతే ఒక్క మనిషితో కూడా అవుతుందనడానికి అది సాక్ష్యం.

రెండో అడుగు: ఒక్క పేజీ

వంద పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. కొత్తగా చేరేవాళ్ళు చదివేది మొదటి పేజీయే. ఆ పేజీలో ఆటగాడు ఈ నేలకి ఎందుకొస్తాడో, ఏ దారిన వస్తాడో, కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో, ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో రాయండి. పేజీలో సగం మాత్రం మనం చేయనివాటికి వదలండి. "కొత్త జాతులు ఉండవు, ఓడ ప్రయాణం ఉండదు, పెళ్ళిళ్ళు ఉండవు, సొంత ఇల్లు కట్టుకునే సదుపాయం ఉండదు." ఈ సగం పేజీ వల్ల మిగిలే రాత్రులు ఎన్నో నేను చెప్పలేను. ప్రతి కొత్త సభ్యుడూ ఒక డ్రాగన్‌ని చంకలో పెట్టుకుని వస్తాడు. కాదని చెప్పేది మనిషి అయితే మనసు నొచ్చుకుంటుంది, పేజీ అయితే నొచ్చుకోదు.

మూడో అడుగు: కొలతలు తియ్యడం

చాలామంది దాటేసే అడుగు ఇదే. నేనూ దాటేశాను, పద్నాలుగు ఊళ్ళు అలాగే పుట్టాయి.

స్కైరిమ్‌లో నేల సెల్ అనే చదరపు గళ్ళుగా ఉంటుంది. ఒక సెల్ వైపు 4096 యూనిట్లు. 64 యూనిట్లు ఒక గజం కాబట్టి, సెల్ వైపు 64 గజాలు, సుమారు 58.5 మీటర్లు. మారోవిండ్ సెల్ వైపు దీనికి రెట్టింపు, 8192 యూనిట్లు. అంటే 20 సెల్స్ వెడల్పు, 20 సెల్స్ పొడవు ఉన్న స్కైరిమ్ లోయ వైపుకి 1170 మీటర్లు మాత్రమే. కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. గళ్ళు మాత్రం 400.

ఇప్పుడు చెయ్యి వేగం చూసుకోండి. అడవి సెల్ ఒకటి, ఊరి సెల్ ఒకటి, కొండ అంచు సెల్ ఒకటి స్వయంగా పూర్తిచేసి గడియారం చూడండి. నా చేతికి కొండ అంచుకి అరగంట, పొలమో అడవో అయితే మూడు గంటలు, ఊరు లేదా పెద్ద దారి ఉంటే పన్నెండు గంటలు పట్టింది. 400లో 120 కొండలు, 240 అడవి, 40 ఊరు అనుకుందాం. 60, 720, 480 కలిపి 1260 గంటలు. అయిదుగురు వారానికి ఆరేసి గంటలు ఇస్తే వారానికి 30 గంటలు, మొత్తం 42 వారాలు. పది నెలలకి దగ్గర. ఇందులో ఇంటి లోపలి గది ఒక్కటి లేదు, మనిషి లేడు, క్వెస్ట్ లేదు. పైగా అయిదుగురిలో ఒకరు సంక్రాంతికి, ఇంకొకరు క్రిస్మస్‌కి కనపడరు.

ఈ లెక్క చూశాక టెన్షన్ వస్తే మంచిదే. మ్యాప్‌ని ఇప్పుడే కోసెయ్యండి. ఇవాళ చెరిపేసేది పెన్సిల్ గీత. ఆరు నెలల తర్వాత అయితే ఒక మనిషి కష్టాన్ని చెరపాల్సి వస్తుంది.

నాలుగో అడుగు: ముక్కలుగా కోసుకోవడం

బియాండ్ స్కైరిమ్ అనే పెద్ద కూటమి లక్ష్యం స్కైరిమ్ చుట్టూ ఉన్న రాజ్యాలన్నీ కట్టడం: సిరోడిల్, హై రాక్, హ్యామర్‌ఫెల్, మారోవిండ్, ఇంకా చాలా. (స్కైరిమ్, మారోవిండ్ అన్నవి గేమ్‌ల పేర్లే కాదు, ఆ ప్రపంచంలో రాజ్యాల పేర్లు కూడా.) 2017 జూలైలో వాళ్ళు బయటపెట్టింది మాత్రం సిరోడిల్ ఉత్తర కొనలో ఉన్న బ్రూమా పట్టణాన్ని, దాని చుట్టుపక్కల ప్రాంతాన్ని. సరిహద్దు ద్వారం దాటి లోపలికి వెళ్తే ఊరుంది, మనుషులున్నారు, సొంత కథలున్నాయి. మిగతా సిరోడిల్ రాకపోయినా బ్రూమా బ్రూమాగా నిలబడింది. ఆడినవాళ్ళలోంచే కొత్త పనివాళ్ళు వచ్చే అవకాశం కూడా ఇలాంటి విడుదలతోనే పుడుతుంది.

మీ లోయని కూడా అలాగే కొయ్యండి. మొదటి ముక్కలో ఒక కోట ఊరు, ఒక పల్లె, మూడు గుహలు, ఒక ముగింపున్న కథ. రెండో ముక్క రాకపోయినా ఆటగాడికి మోసపోయినట్టు అనిపించకూడదు. ముక్క చివర సహజంగా అడ్డుకట్ట ఉండాలి: కూలిన వంతెన, మంచు మూసేసిన కనుమ, యుద్ధం వల్ల మూసిన ద్వారం. కనిపించని గోడ పెట్టకండి. పెట్టక తప్పకపోతే కనీసం దాని ముందు ఒక కాపలావాణ్ణి నిలబెట్టి, "దారి మూసేశారు, వెనక్కి పొండి" అనిపించండి.

మారోవిండ్ మీద చేసేవాళ్ళకి ఇక్కడో చిక్కుంది. ఆ గేమ్‌లో బయటి ప్రపంచం ఒక్కటే. కొత్త నేల పాత నేల పక్కనే ఉంటుంది, ఈదుకుంటూ వచ్చెయ్యొచ్చు. స్కైరిమ్‌లో వేరే ప్రపంచాన్ని పెట్టుకుని తలుపు ద్వారా పంపొచ్చు కాబట్టి సరిహద్దు మీ చేతిలో ఉంటుంది.

అయిదో అడుగు: లోర్

లోర్ అంటే గేమ్ ప్రపంచపు చరిత్ర, పురాణం. ఉన్న ప్రపంచాన్ని పూరిస్తున్నారంటే, పాత గేమ్‌లు ఆ ప్రాంతం గురించి ఏమన్నాయో ముందు పోగుచెయ్యాలి. పోగుచేసింది మక్కీకి మక్కీ దించేస్తే చచ్చిన ఊరు తయారవుతుంది. మారోవిండ్ కథ మూడో యుగం 427లో, ఆబ్లివియన్ 433లో, స్కైరిమ్ నాలుగో యుగం 201లో. మధ్యలో రెండు వందల ఏళ్ళు. నాలుగో యుగం 5లో ఎర్రకొండ అనే అగ్నిపర్వతం పేలి వార్డెన్‌ఫెల్ బూడిదైంది, శరణార్థులు బయటికి వచ్చారు. 171 నుంచి 175 దాకా మహాయుద్ధం, ఆ తర్వాత సామ్రాజ్యానికి తలవంపులు తెచ్చిన ఒప్పందం. మీ లోయలో ఆ యుద్ధానికి పోయినవాళ్ళ పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉంటారు. ఆ ఒప్పందం వల్ల టాలోస్ అనే దేవుడి పూజ నిషిద్ధం కాబట్టి, గుడి పూజారి ఏ విగ్రహాన్ని అటక మీద దాచాడో తేల్చండి. క్వెస్ట్ అక్కడే దొరుకుతుంది.

గేమ్‌లో ఉన్న పుస్తకాలు అబద్ధాలు కూడా చెబుతాయని గుర్తుంచుకోండి. రాసినవాడు ఏ పక్షంవాడో చూసి నమ్మాలి. రెండు పుస్తకాలు తగువుపడితే ఆ తగువుని మీ ఊళ్ళో ఇద్దరు మనుషులకి పంచండి. ఒక నిర్ణయం తీసుకున్నాక దాన్ని, కారణంతో సహా, రెండు వాక్యాల్లో రాసిపెట్టండి. కారణం రాయకపోతే ఏడాది తర్వాత వచ్చినవాడు అదే చర్చ మళ్ళీ మొదటి నుంచి పెడతాడు.

ఆరో అడుగు: ఫైళ్ళ పునాది

ఇది పొడిగా ఉంటుంది, కానీ ఇక్కడ తప్పు చేస్తే సరిదిద్దుకునే అవకాశం దాదాపు ఉండదు. స్కైరిమ్‌లో ప్రతి వస్తువుకీ, మనిషికీ, సెల్‌కీ ఎనిమిది అంకెల ఫారమ్ ఐడీ ఉంటుంది, హెక్సాడెసిమల్‌లో. మొదటి రెండు అంకెలు ఆ ప్లగిన్, అంటే మాడ్ ఫైల్, లోడ్ ఆర్డర్‌లో (గేమ్ ఫైళ్ళని తెరిచే వరుసలో) ఎన్నోదో చెబుతాయి. మిగతా ఆరు మీవి. ఆటగాడు సేవ్ చేసిన ఫైల్ ఈ ఐడీలనే గుర్తుపెట్టుకుంటుంది. విడుదలయ్యాక ఐడీలు మార్చినా, ప్లగిన్ పేరు మార్చినా సేవ్‌లు పాడవుతాయి. అందుకే పేర్లు, ఫైళ్ళ విభజన మొదటి నెలలోనే తేల్చుకోండి.

రెండు మాస్టర్ ఫైళ్ళు (మిగతావి ఆధారపడే మూల ఫైళ్ళు) సరిపోతాయి. ఒకదాంట్లో వస్తువులు: మోడల్స్, టెక్స్చర్లు (మోడల్ పైన అతికే బొమ్మలు), ఆయుధాలు, చెట్లు. రెండోదాంట్లో నేల, మనుషులు, క్వెస్ట్‌లు. టామ్రియల్ రీబిల్ట్, దాని సోదర బృందం ప్రాజెక్ట్ టామ్రియల్ కలిసి టామ్రియల్ డేటా అనే ఉమ్మడి వస్తువుల ఫైల్ వాడతాయి. బియాండ్ స్కైరిమ్‌కి కూడా అలాంటి ఉమ్మడి ఫైల్ ఉంది. ఒక బృందం చెక్కిన కుర్చీ ఇంకో బృందం సత్రంలో కనిపిస్తుంది. మీ ప్రాజెక్ట్ ఆగిపోయినా ఆ కుర్చీ బతుకుతుంది.

ప్రతి రికార్డు (ఫైల్‌లో ఒక్కో వస్తువు, మనిషి, సెల్ వివరం) పేరుకీ ముందు మీ సొంత మూడక్షరాల గుర్తు పెట్టండి, తర్వాత రకం, తర్వాత ప్రాంతం, తర్వాత అసలు పేరు. "టెస్ట్2 ఫైనల్ కొత్తది" లాంటి పేర్లు పెట్టినవాళ్ళకి టీ ఖర్చు జరిమానా వెయ్యండి. మా టీమ్‌లో అది వర్చువల్ టీ కాబట్టి ఎవరూ భయపడలేదు, అది వేరే సంగతి.

ఏడో అడుగు: నేల

ముందు హైట్‌మ్యాప్. అదొక నలుపు తెలుపు బొమ్మ, తెల్లగా ఉన్నచోట ఎత్తు, నల్లగా ఉన్నచోట పల్లం. స్కైరిమ్ సెల్‌కి వైపుకి 32 గళ్ళు, కాబట్టి 20 సెల్స్ లోయకి 640 పిక్సెళ్ళ బొమ్మ చాలు. కొండలకి కోత, వాగులకి జాడ ఇచ్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. వాటినే పూర్తిగా నమ్మితే అందమైన, నడవలేని నేల వస్తుంది. నది ముందు గీయండి, దారి తర్వాత, ఊరు ఆ రెండూ కలిసే చోట. మన ఊళ్ళు కూడా ఏటి ఒడ్డునో, బాట కూడలిలోనో కదా పుట్టాయి. గోదావరి పక్కన ఉన్న పాత ఊళ్ళని ఒకసారి మ్యాప్‌లో చూసినా ఈ సంగతి అర్థమవుతుంది.

నేలని పట్టుకొచ్చాక ఏ అలంకారమూ లేకుండా దాని మీద నడవండి. కోట నుంచి పల్లెకి ఎన్ని నిమిషాలు? దారిలో ప్రతి నిమిషానికీ కంటికి ఏదైనా తగులుతోందా? ఎక్కడ నిలబడితే కోట మొదటిసారి కనిపిస్తుంది? ఆ చోటుని కాపాడండి, అక్కడ చెట్టు నాటకండి. గేమ్ మామూలు సెట్టింగ్‌లో ఆటగాడి చుట్టూ 5 సెల్స్ వెడల్పు, 5 సెల్స్ పొడవు మాత్రమే పూర్తి వివరంతో లోడ్ చేస్తుంది. అంతకు మించిన దూరంలో కనిపించేవి ఎల్‌ఓడీ అనే మొరటు నమూనాలు. దూరం నుంచి కనిపించాల్సిన బురుజు ఏదైనా ఉంటే దానికి ఆ నమూనా తయారుచేసే పని కూడా పట్టికలోకి ఎక్కాలి.

నిటారు కొండచరియల్ని నేలతో చేయకండి, టెక్స్చర్ సాగిపోయి జిగురులా కనిపిస్తుంది. రాతి మోడల్స్ పేర్చండి. అలంకరణ అయ్యాకే నావ్‌మెష్, అంటే మనుషులు ఎక్కడ నడవొచ్చో చెప్పే వల. ముందే వేస్తే ప్రతి బండరాయి కదిపినప్పుడూ మళ్ళీ వెయ్యాలి. వేశాక సెల్ అంచుల్లో పక్క సెల్ వలతో ముడి పడిందో లేదో చూడండి. ముడి పడకపోతే, ఆటగాడి వెంట వస్తున్న స్నేహితుడు వాగు దగ్గర ఆగి అలా చూస్తుంటాడు. అసలు గేమ్ సెల్‌లో ఉన్న నావ్‌మెష్‌ని మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయకండి, గేమ్ క్రాష్ అవుతుంది.

ఎనిమిదో అడుగు: పని పంచడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాజెక్ట్‌లు చచ్చిపోయేది ఇక్కడే.

"నువ్వు ఊరు చూసుకో, నేను అడవి చూసుకుంటా" అన్న పంపకం పనికిరాదు. ఊరు చూసుకునేవాడు మాయమైతే ఊరే పోతుంది. టామ్రియల్ రీబిల్ట్‌లో పని క్లెయిమ్‌లుగా ఉంటుంది. కొన్ని సెల్స్ బయటి నేల ఒక క్లెయిమ్, ఒక ఇంటి లోపలి భాగం ఒక క్లెయిమ్, మనుషుల్ని పెట్టడం ఒకటి, క్వెస్ట్ ఒకటి. సభ్యుడు ఒకటి తీసుకుంటాడు, పూర్తిచేసి ఫైల్ ఇస్తాడు, ఇంకొకరు దాన్ని పరీక్షించి సరిచేస్తారు, ఆ తర్వాతే అసలు ఫైల్‌లో కలుస్తుంది. చేతకాకపోతే తిరిగి ఇచ్చెయ్యొచ్చు, అందులో అవమానం లేదు.

మీ క్లెయిమ్ పరిమాణానికి నా కొలత ఇదీ: కొత్తవాడు రెండు వారాంతాల్లో ముగించగలగాలి. ఒక పూరిల్లు, ఒక చిన్న గుహ, నాలుగు అడవి సెల్స్. ప్రతి క్లెయిమ్‌కీ పది వాక్యాల వివరణ ఉండాలి. ఎవరి ఇల్లు, ఎంత కలిగినవాళ్ళు, ఏ వస్తువులు వాడాలి, ఏవి వాడకూడదు, ఏ క్వెస్ట్ ఇక్కడికి వస్తుంది, తలుపు ఏ వైపు. "రైతు ఇల్లు" అని మాత్రమే రాస్తే రాజభవనం వస్తుంది. "ముసలి వితంతువు, ఒక మేక, కొడుకు యుద్ధంలో పోయాడు, అతని మంచం ఇంకా తియ్యలేదు" అని రాస్తే గది దానంతటదే తయారవుతుంది.

గడువు దాటి మూడు వారాలు కబురు లేకపోతే క్లెయిమ్ తిరిగి పట్టికలోకి పోతుందని ముందే చెప్పండి. మొహమాటం వద్దు. మన వాళ్ళం ఇక్కడ బాగా ఇబ్బంది పడతాం, "పాపం, ఏం కష్టంలో ఉన్నాడో" అని ఆరు నెలలు ఆగుతాం. అతను కష్టంలో ఉంటే క్లెయిమ్ వెనక్కి తీసుకోవడమే అతనికి మేలు.

కొత్తగా చేరేవాళ్ళకి ఇంటర్వ్యూ పెట్టకండి. ఒక చిన్న గది చేసుకురమ్మనండి. టామ్రియల్ రీబిల్ట్ కూడా కొత్తవాళ్ళ నుంచి ఇలాంటి నమూనా పనినే అడుగుతుంది. గది అందంగా ఉందా అన్నది తర్వాత చూసుకోవచ్చు. "కుండ గాల్లో తేలుతోంది, దించండి" అంటే దించి తెస్తాడా లేదా అన్నదే అసలు పరీక్ష. "బియాండ్ స్కైరిమ్" వాళ్ళు నడిపే ఆర్కేన్ యూనివర్సిటీలో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఏమీ రానివాళ్ళని అటు పంపండి.

మీటింగ్ టైమ్ గురించి ఒక మాట. జర్మనీలో రాత్రి ఎనిమిది అంటే చలికాలంలో మనకి అర్ధరాత్రి దాటి అరగంట. అమెరికా పడమటి తీరంలో వేసవి పొద్దున తొమ్మిదిన్నర మనకి రాత్రి పది. హైదరాబాద్ నుంచి చేసేవాళ్ళు రెండోదానికి ఒప్పించండి. నిర్ణయాలు మాత్రం రాతలోనే జరగాలి, లేకపోతే నిద్రపోయినవాడికి ప్రతిసారీ అన్యాయం జరుగుతుంది.

తొమ్మిదో అడుగు: క్వెస్ట్‌లు, గొంతులు

క్వెస్ట్‌ని ముందు బొమ్మగా గీయండి: మొదలు, మలుపులు, ఎన్ని ముగింపులు, ఆటగాడు మధ్యలో ఆ మనిషిని చంపేస్తే ఏమవుతుంది. ఆఖరిది మర్చిపోకండి, ఆటగాళ్ళు చంపేస్తారు. తర్వాత గొంతు లేకుండానే, ఖాళీ ఆడియో పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆడి చూడండి.

ఇక లెక్క. 60 మంది మనుషులకి తలా 15 వాక్యాలు 900. ఎనిమిది క్వెస్ట్‌లకి తలా 80 అనుకుంటే 640. మొత్తం 1540 వాక్యాలు, ప్రతిదీ ఒక ఫైల్. రాత ఖరారయ్యాకే రికార్డింగ్‌కి ఇవ్వాలి. ఒకసారి మా టీమ్‌లో రికార్డింగ్ అయిపోయాక ఒక రాజు పేరు మార్చాం. పదకొండు వాక్యాలు. అప్పటికి ఆ గొంతు అరువిచ్చినతను వేరే ఊరు వెళ్ళి మైక్ అమ్మేశాడు. ఆ రాజుని చివరికి అందరూ "ప్రభువు" అనే పిలిచారు. అందుకే ప్రధాన పాత్రలకి గొంతిచ్చేవాళ్ళ చేత ఒక్క దఫాలో అన్నీ చెప్పించుకోండి, అదనంగా "అవును", "కాదు", "తర్వాత మాట్లాడదాం", "నాకు తెలియదు" లాంటివి కూడా పోగుచేసుకోండి. అవసరానికి అతుకు వేసుకోవచ్చు.

కృత్రిమ మేధతో అసలు నటుల గొంతులు నకలు చేసే పద్ధతి ఇప్పుడు సులువే. ఆ నటుల అనుమతి లేకుండా చెయ్యకండి. నా టీమ్‌లో అయితే దీని మీద చర్చకే చోటు లేదు.

పదో అడుగు: కలపడం, పరీక్షించడం

ప్లగిన్ ఫైల్ టెక్స్ట్ కాదు. ఇద్దరు ఒకేసారి మార్చితే వాటిని కలపడం నరకం. ఒకే మనిషి, ఒకే రోజు, ప్రతి వారం కలపాలి. ప్లగిన్‌లని విప్పి చూపే ఎక్స్ఎడిట్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి, పొరపాటున ముట్టుకున్న అసలు గేమ్ రికార్డులు తీసేసి, తర్వాతే కలపండి. ప్లగిన్‌ని టెక్స్ట్‌గా విడగొట్టే స్ప్రిగ్గిట్ లాంటి పనిముట్లు ఉన్నాయి, ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచే గిట్ అలవాటున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు టీమ్‌లో ఉంటే వాడి చూడండి. తెలుగువాళ్ళ టీమ్‌లో అలాంటివాళ్ళకి కరువుండదు. కలిపిన ప్రతి ఫైల్‌కీ తేదీతో ఒక కాపీ, రెండు వేరే చోట్ల.

నెలకోసారి టీమ్‌లో లేని ఒకరిని కూర్చోబెట్టి ఆడించండి, మీరు నోరు మూసుకుని చూడండి. నోరు మూసుకోవడమే కష్టం.

పదకొండో అడుగు: అనుమతులు

గేమ్ కంపెనీ నిబంధనలు చదవండి. మాడ్ పనిముట్టు కంపెనీదే, దాంతో చేసినదాన్ని సొంతంగా అమ్ముకునే హక్కు మీకు లేదు. 2015 ఏప్రిల్‌లో స్టీమ్‌లో స్కైరిమ్ మాడ్‌లకి డబ్బు వసూలు చేసే ఏర్పాటు వచ్చి, గోల లేచి, రోజుల్లోనే వెనక్కిపోయింది. ఇతరులు చేసిన మోడల్ వాడితే అనుమతి రాతపూర్వకంగా దాచండి. మీ సభ్యుల దగ్గర కూడా చేరిన రోజే ఒక వాక్యం తీసుకోండి: "నేను వెళ్ళిపోయినా నా పని ఈ ప్రాజెక్ట్‌లో ఉండొచ్చు." ఈ వాక్యం లేక, అలిగి వెళ్ళిన ఒక సభ్యుడి వంతెనలన్నీ తీసేసి నది మీద పడవలు పెట్టుకున్న టీమ్ ఒకటి నాకు తెలుసు.

చివరి అడుగు: విడుదల, ఆ తర్వాత

తేదీ ముందే ప్రకటించకండి. ప్రకటిస్తే కింద నేల కదులుతుంది. 2021 నవంబర్ 11న స్కైరిమ్ పదో పుట్టినరోజు అప్‌డేట్ రాగానే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (గేమ్‌కి లేని శక్తులు చేర్చే బయటి ప్రోగ్రామ్) మీద ఆధారపడిన మాడ్‌లు బోలెడు ఆగిపోయాయి. ఫాల్అవుట్ 4 మీద కట్టిన ఫాల్అవుట్ లండన్ అనే భారీ మాడ్, ఫాంటసీ కాకపోయినా ఇదే కంపెనీ గేమ్‌కి చెందింది, 2024 ఏప్రిల్‌లో రావాల్సి ఉండగా అసలు గేమ్‌కి అప్పుడే అప్‌డేట్ వచ్చి జూలై దాకా వాయిదా పడింది. బయటి ఎక్స్‌టెండర్‌ల మీద ఆధారం ఎంత తక్కువుంటే అంత నిద్ర పడుతుంది.

విడుదలకి రెండు నెలల ముందు కొత్తవి చేర్చడం ఆపెయ్యండి, బగ్‌లే చూడండి. విడుదలయ్యాక మొదటి వారం ఎవరికీ కొత్త క్లెయిమ్‌లు ఇవ్వకండి, అందరూ అలిసిపోయి ఉంటారు. ప్యాచ్‌లలో వస్తువు చేర్చొచ్చు, ఉన్నదాన్ని తియ్యకూడదు, ఎందుకంటే ఎవరి సేవ్‌లోనో ఆ వస్తువు సంచిలో ఉంటుంది.

ఇక మీరు వెళ్ళిపోయే రోజు కోసం ఒక ఫైల్ ఇప్పుడే మొదలుపెట్టండి. డిస్కార్డ్, ఫైల్ స్టోరేజ్, విడుదల పేజీల తాళాలు మీతో పాటు ఇంకెవరి దగ్గర ఉన్నాయి, ఫైళ్ళు కలిపే పద్ధతి ఏంటి, ఎవరు దేనిలో నిపుణులు, ఏ గదిలో ఏ బగ్‌ని ఎందుకు అలాగే వదిలేశారు. నెలకోసారి దాన్ని తిరగెయ్యండి. నా రెండో ప్రాజెక్ట్‌లో ఈ ఫైల్ పన్నెండు పేజీలైంది. నాకు పాప పుట్టినప్పుడు దాన్ని ఒక పోలిష్ అమ్మాయికి పంపి, మూడు రోజులు ఆమె అడిగినవాటికి జవాబులిచ్చి బయటికొచ్చాను. ఏడాది తర్వాత ఆ లోయ విడుదలైంది. ముసలి వితంతువు ఇంట్లో కొడుకు మంచం అలాగే ఉంది, దాని మీద ఎవరో మడతపెట్టిన దుప్పటి కూడా పెట్టారు. అది నేను పెట్టింది కాదు.